మొద్దులని పేరు పడినవారు

అనంతపురము పేరు వినగానే తెలుగువారికి మొదట తలపునకు వచ్చునది కరవు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే నిలిచిపోవు వాన, ఎర్రనేల, ఆ నేలలో మబ్బుకై ఎదురుచూచు శెనక్కాయ చేలు, పంట పోయిన యేట బెంగళూరికి సాగు వలసలు. ఈ చిత్రమును గూర్చి వ్రాయని వారు లేరు. ఈ ప్రసంగమున మేము ఆ కరవును గూర్చి గాక, ఆ సీమలోనే తరతరములుగా కానరాక సాగుచున్న మరియొక కొరతను గూర్చి ముచ్చటింపదలచితిమి. బడికి పోయియు, రాత్రిబడిలో కూర్చుండియు, పాఠమును నోటితో చక్కగా అప్పగించియు, అక్షరము మాత్రము కుదురని పెద్దలు ప్రతి యూర కొందరుందురు. లోకము వారికి మొద్దులని పేరు పెట్టెను. వైద్యశాస్త్రము ఇటీవల వేరొక పేరు పెట్టెను. వారికి చదువు చెప్పు తెరువేది యని వెదకుచు పోగా మాకొక విచిత్రము కనబడెను. ఆ తెరువులో కొంతదూరము ఈ సీమవారే ఒకప్పుడు నడిచి, పిమ్మట మరచిరి.

అనంతపురము సీమ యన్నచో ఇచ్చట నేటి అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలు రెంటిని గ్రహింపవలెను. 1882లో బళ్ళారి నుండి వేరుపడిన జిల్లా 2022 ఏప్రిలులో మరల రెండైనది. అంతకు పూర్వపు కథకు బళ్ళారి కాగితములే మనకు ఆధారము. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసెను. థామస్ మన్రో అనంతపురమున కచ్చేరి పెట్టి దత్తమండలముల వ్యవహారము చూచెను. ఆయనయే పిదప మద్రాసు గవర్నరై, 1822 జూనులో, దేశీయ పాఠశాలలెన్ని యున్నవి, అందు చదువువారెందరు, ఏమి చదువుచున్నారు అని కలెక్టరులందరిని అడిగెను.

బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఆ నివేదికలన్నింటిలో మిన్న యని మా అభిప్రాయము. ఆయన తెలుగు నేర్చినవాడు. 1816లోనే తెలుగు వ్యాకరణమొకటి అచ్చు వేసియుండెను. కనుక బడులను లెక్క పెట్టి ఊరకుండక, లోపల ఏమి జరుగుచున్నదో చూచెను. నాటి బళ్ళారి జిల్లాలో అనంతపురము, గుత్తి, తాడిపత్రి, పెనుకొండ ప్రాంతములు చేరియుండెను. జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువుకొనువారు 6,641 మంది. అనగా వేయిమందికి ఏడుగురు. అందు ఆడపిల్లలు అరువదిమంది మాత్రమే. తెలుగు బడులు 226 కాగా, కన్నడ బడులు 235. సరిహద్దు సీమ గనుక రెండు భాషలును సరిసమానముగ నుండెను. నేత మొదలగు వృత్తులవారు పేదలై పిల్లలను చదివింపలేకున్నారనియు, దానికి సీమసరకుల రాకయు ఒక కారణమనియు ఆయన దాచక వ్రాసెను. కలెక్టరు పదవిలో నున్నవాడు ఇంత చెప్పుట ఆ కాలమున చిన్న విషయము కాదు.

ఇక బోధన తీరు. ఉదయము ఆరు గంటలకు బడి. మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అది మెప్పును కాదు, తప్పును కాదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలవవానికి రెండు, అటుపై వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువ. పిల్లవాడు అక్షరములను మొదట నేర్చునది పుస్తకము చూచి కాదు. నేల మీద ఇసుక పరచి, అందు వ్రేలితో దిద్దుచు నేర్చును. ఐరోపావారివలె ముందు పేర్లు పలికించి నేర్పుట లేదని కాంప్‌బెల్ ప్రత్యేకముగ గుర్తించెను. ఇసుకలో చేయి తిరిగిన పిదపనే తాటాకు మీద గంటమునకు గాని, కాగితము మీద కలమునకు గాని, పలక మీదికి గాని, కడితము మీదికి గాని అర్హత వచ్చును. కడితము అనగా గుడ్డకు గంజి పెట్టి, మడతలు మడచి, బొగ్గుపొడియు జిగురును పూసి చేసిన నల్లని పుస్తకము. సరుకుల లెక్కలకు పాతకాలపు అంగళ్ళలో వాడుచుండినది. తరగతులు సాధారణముగ నాలుగు. పై తరగతి పిల్లలు క్రింది తరగతి వారికి చెప్పుదురు. చెప్పుటలో తమకు వచ్చినది గట్టిపడును. ఈ రెండు పద్ధతులను, అనగా ఖర్చు లేని వ్రాతను, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను, కాంప్‌బెల్ మెచ్చుకొని, ఇంగ్లండు వీనిని అనుకరించుట తగియున్నదనెను.

ఆ అనుకరణ కథ శ్రోతలలో కొందరికి తెలిసియుండును. మద్రాసు ఎగుమూరులోని అనాథ బాలుర శరణాలయమునకు 1789లో అధికారియై వచ్చిన ఆండ్రూ బెల్, వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము వేసెను. ‘మద్రాసు పద్ధతి’ యను పేరిట అది అచ్చటి బీదపిల్లల బడులలో పాకెను. మన అరుగుబడి సముద్రము దాటినది. మన యూళ్ళలో మాత్రము ఇసుక పోయి పలక వచ్చెను. పలక వెంట అచ్చుపుస్తకము వచ్చెను. వ్రేలితో దిద్దుట అక్షరాభ్యాసము నాటి పళ్ళెములోని బియ్యమునకు పరిమితమైనది.

కాని మేము ఆ పాతబడిని పొగడి విడువజాలము. కాంప్‌బెల్ నివేదికలోనే మరియొక వాక్యమున్నది. అది చదివినపుడు మా మనసు కలత పడినది. సోమరి పిల్లవానిని కొట్టుదురు. రెండు చేతులును కట్టి ఇంటికప్పునకు గిలకతో వ్రేలాడదీయుదురు. లేదా ఎడతెగక మోకరించి లేచునట్లు చేయుదురు. మన పెద్దలు దీనిని కోదండమనిరి, గుంజీలనిరి. మా తాతలు ఈ మాటలు చెప్పునపుడు నవ్వుచు చెప్పెడివారు. వ్రేలాడినవారిలో నిజముగ సోమరులెందరు? అక్షరము కుదురక కనులు నిలిపి చూచుచు నిలిచినవారెందరు? దీనికి లెక్క ఏ కచ్చేరిలోను లేదు. అయినను ఏ దేశమునను, ఏ లిపియందును, తెలివి యుండియు చదువు సులువుగ పట్టువడనివారు కొందరుందురని నేడు తెలిసినది గనుక, ఆ 6,641 మందిలోను అట్టివారుండిరనుట ఊహ మాత్రము కాదు. వారు కొంతకాలము దెబ్బలు తిని, బడి మాని, గొర్రెల వెంటనో నాగలి వెంటనో పోయియుందురు.

వైద్యులు ఈ సంగతిని ఆలస్యముగ గుర్తించిరి. 1877లో అడాల్ఫ్ కుస్మౌల్ అను జర్మను వైద్యుడు, చూపును మాటయు చక్కగ నుండి చదువు మాత్రము రాని స్థితికి పదాంధత్వము అని అర్థమిచ్చు పేరు పెట్టెను. 1887లో నేత్రవైద్యుడు రుడోల్ఫ్ బెర్లిన్ ‘డిస్లెక్సియా’ యను మాట కల్పించెను. వీరు పరీక్షించినది మెదడునకు జబ్బు చేసి, వచ్చిన చదువు పోగొట్టుకొన్న పెద్దలను. పుట్టుకతోనే ఇట్లుండవచ్చునని 1896 నవంబరులో ఇంగ్లండులోని సీఫర్డు పట్టణపు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ వ్రాసెను. ఆయన వర్ణించిన పదునాలుగేండ్ల బాలుడు ఆటలలో చురుకు, మాటలో చురుకు, లెక్కలలో చురుకు. తన పేరు మాత్రము తప్పు వ్రాయును. బోధన అంతయు నోటితోనే జరిగినచో బడిలో వీడే అందరికంటె ముందుండునని ఆతని ఉపాధ్యాయుడు చెప్పెనట. రేడియో పెట్టె యెదుట కూర్చుండి ఈ మాట చదువువారు క్షణము ఆగి ఆలోచింపవలెనని మా కోరిక. చెవితో సర్వము గ్రహించువానిని కంటితో మాత్రమే పరీక్షించి తప్పించుట ఎంత అన్యాయము!

అటు తరువాత అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ 1925 నుండి ఈ విషయమున పరిశోధించెను. ఆయన సహచరురాలు ఆనా గిల్లింగ్‌హామ్ కన్ను, చెవి, చేయి మూడును ఒకేసారి పనిచేయునట్లు బోధనాక్రమమును ఏర్పరచెను. లాస్ ఏంజెల్సు నగరమున గ్రేస్ ఫెర్నాల్డ్, చదువరాని వానిచేత పదమును పలికించుచు దానిపై వ్రేలితో దిద్దించెడిది. ఆమె గ్రంథము 1943లో వెలువడెను. మన యూరి అయ్యవారు ఇసుక పరచి చేయించినది ఇదియే కదా! భేదమొక్కటి. మన అయ్యవారు దానిని అందరికిని చేయించి, పట్టువడని వానిని దూలమునకు కట్టెను. ఫెర్నాల్డ్ పట్టువడని వానికొరకే దానిని పదును పెట్టెను. 1963లో చికాగోలో తల్లిదండ్రుల సభయందు శామ్యూల్ కర్క్ ‘అభ్యసన వైకల్యము’ అను పేరు సూచింపగా అదియే లోకమున నిలిచెను.

ఇచ్చట మాట తికమక గలుగకుండ ఒక సంగతి చెప్పవలెను. చదువురాని పెద్ద లందరును ఒక కోవకు చెందరు. బడి మొగమే చూడని వారు వేరు. వారికి అవకాశమే లోపము. నలువది దాటి దగ్గరి చూపు తగ్గి, లాంతరు వెలుగున అక్షరము మసకబారువారు వేరు. వారికి వలసినది కండ్లద్దాలు. మేధోవైకల్యము గలవారు వేరు. బ్రిటనులో మొదటి మాటను వీరికే వాడుటచే గందరగోళము హెచ్చినది. తెలివి, చూపు, వినికిడి సరిగ నుండి, చదువుటలోనో వ్రాయుటలోనో లెక్కలోనో మాత్రము చిక్కుపడువారు మనము చెప్పుకొనుచున్నవారు. రాత్రిబడి లాంతరు క్రింద ఈ నలుగురును ఒకే వరుసన కూర్చుందురు. అందరికిని ఒకే వాచకము, ఒకే గడువు.

తెలుగు లిపి వీరికి ఏ చిక్కు తెచ్చును? ఇంగ్లీషున వ్రాత యొకటి, పలుకు వేరొకటి. ఆ బాధ మనకు లేదు. వ్రాసినది వ్రాసినట్లు పలుకుదుము. కాని గుర్తులు దట్టము. ప, ష, వ, మ, బ, భ, ద, ధ, థ, ఎ, ఏ. వీని మధ్య భేదము చిన్న గీటు, చిన్న సున్న, పొట్టలో చుక్క. హల్లునకు తలకట్టు, గుడి, కొమ్ము, క్రింద ఒత్తు. ‘స్త్రీ’ యను మాట చూడుడు. గుడిదీర్ఘము సకారము నెత్తి మీదనే కూర్చుండును. దానిని పలుకవలసినదో, క్రిందనున్న రెండు ఒత్తులు పలికిన తరువాత. కన్ను పైకి పోయి, క్రిందికి దిగి, మరల పైకి పోవలెను. అలవాటైన మనకు ఇది తెలియదు. అలవాటు కుదురని వానికి ప్రతి మాటయు ఒక గుట్ట ఎక్కి దిగుట. ఇట్టి క్రమబద్ధమైన లిపులలో ఈ వైకల్యము తప్పుల రూపమున కంటె నెమ్మదితనపు రూపమున కనబడునని పరిశోధకులు చెప్పుదురు. చివరకు సరిగనే చదువును. కాని వాక్యము చివరకు వచ్చుసరికి మొదలు మరచును.

నెమ్మదితనమే వారి కొంప ముంచినది. మన రాష్ట్రమున వయోజనవిద్యకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి పెద్దలు గ్రంథాలయోద్యమముతో బాటు బీజము వేసిరి. కర్నూలు సీమలో పుట్టి, 1960లో కీర్తిశేషుడగు వరకు ఆయన ఆ పని విడువలేదు. 1978 అక్టోబరు 2న దేశవ్యాప్తముగ వయోజనవిద్యా కార్యక్రమమును, 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా సంఘటనమును ప్రారంభమైనవి. ఈ రెండవదానికి మూడు వాచకములు, సుమారు 200 గంటల బోధన. అక్షరాస్యుడనిపించుకొనుటకు నిమిషమునకు 30 మాటలు పైకి చదువవలెను. 35 మాటలు మౌనముగ చదువవలెను. ఏడు మాటలు చూచి వ్రాయవలెను. లక్షలమందికి మేలు చేసిన ఉద్యమమును మేము తక్కువ చేయము. 1990 దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరము నేర్చిన స్త్రీలు సారాపై తిరుగబడిన కథ అందరికిని తెలిసినదే. కాని గడియారముతో కొలుచు అక్షరాస్యతలో నెమ్మదిగ నడుచువానికి చోటు లేకపోయెను.

ఇది పరులమీద వేయు నింద కాదు. అందు మా పాలు మాకున్నది. ఆ ఉద్యమకాలమున చిత్రావతి ఒడ్డున నొక పల్లెలో మేము కొందరము రాత్రిబడి నడిపితిమి. నలువది యేండ్ల గొర్రెలకాపరి యొకడు, పగలెల్ల గుట్టలు తిరిగి, ఒక్క నాడైన తప్పక వచ్చెడివాడు. నూరు గొర్రెలలో ప్రతిదాని మొగమును వేరుగ గుర్తించును. ఏ గొర్రె ఏ గొర్రె పిల్లయో చెప్పును. మందను ఒక్కసారి చూచి, ఒకటి తక్కువైనదని పసిగట్టును. నాలుగు నెలలైనను మొదటి వాచకము దాటలేదు. అడిగితిమి. “సామీ, అచ్చరాలు నిలవవు. నేను సూసేలోగా మందలో గొర్రెల మాదిరి కలిసిపోతాండాయి” అనెను. మందలో గొర్రె కలియనీయని వాడు ఆ మాట అనుచున్నాడని మాకు అప్పుడు తట్టలేదు. శ్రద్ధ లేదంటిమి. పై పరీక్షకు లెక్క తగ్గునని వాని పేరు పట్టికనుండి తీసివేసి, బడి జరుగుచున్నంతసేపు లాంతరు పట్టుకొను పని ఒప్పగించితిమి. వాడు ఆరు నెలలు, పదిమంది చదువుచుండగా, నిలువుకాళ్ళ మీద లాంతరు పట్టుకొనెను. కోదండము మా చేతులలోను ఉండినదని మేము గ్రహించుటకు చాల యేండ్లు పట్టెను.

అట్టివానికి ఏమి చేసియుండవలసినది? 1978లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున అభ్యసన వైకల్యములపై ఒక పరిశోధనాలయము వెలసెను. డొనాల్డ్ డెష్లర్, గార్డన్ ఆలీ మొదలగువారు ఎదిగిన పిల్లలను, పిదప పెద్దలను చూచిరి. చిన్ననాడు రాని పాఠమునే మరల మరల చెప్పుటవలన లాభము స్వల్పమనియు, నేర్చుకొను ఉపాయమును విడదీసి నేర్పవలెననియు వారి సిద్ధాంతము. చదువు వచ్చినవాడు చదువునపుడు తనలో తాను కొన్ని పనులు చేసికొనును: ఇది దేనిని గూర్చి యని అడుగును, తెలియని మాటను విరిచి చూచును, చదివినది సొంతమాటలలో చెప్పుకొనును. ఎవరును నేర్పకయే అతనికి అబ్బినవి. చిక్కుపడువానికి అవి అబ్బవు, చెప్పినచో వచ్చును.

చెప్పు క్రమము వారు ఇట్లు కట్టిరి. మొదట ఆతడు ఇప్పుడు ఎట్లు చేయుచున్నాడో కలిసి చూచి, ఈ ఉపాయము నేర్తునని ఆతనిచేతనే అనిపింతురు. పెద్దవాని ఇష్టము లేనిది ఏదియు సాగదు. తరువాత ఉపాయమును అడుగడుగుగ వివరింతురు. ఆపైన గురువు తానే చేసి చూపును. చూపుచు, మనసులో జరుగునది పైకి చెప్పును. మా దృష్టిలో ఇదియే పట్టుకొమ్మ. మన అయ్యవారు ఫలితమును చూపిరి గాని, మనసులో నడచు దారిని ఎన్నడును పైకి చెప్పలేదు. పిమ్మట నేర్చువాడు అడుగులను కంఠస్థము చేయును. సులువైన పాఠముపై సాధన, తరువాత నిజముగ వాడుకకు వలసిన కాగితముపై సాధన, మరల పరీక్ష. కడపట, బడిలో నేర్చినది అంగడిలోను, బస్సు నిలుచు చోటను, కచ్చేరిలోను వాడునట్లు చూచుట. ఈ కడపటిది లేనిచో మిగిలినదంతయు వ్యర్థమని వారు నొక్కి చెప్పిరి.

అడుగులు గుర్తుండుటకు వారు పొడి అక్షరములతో మాటలు కూర్చిరి. ఇది మనకు క్రొత్త కాదు. ఛందస్సు చదువువాడు గణములకు ‘యమాతారాజభానసలగం’ అని ఒక్క మాట పట్టుకొని ఎనిమిది గణములు విప్పును. నెలకు ముప్పదియో ముప్పదియొకటియో పిడికిలి కణుపులపై లెక్కించును. అర్థము లేని ఆ మాట, ఆ కణుపు, జ్ఞాపకమునకు చేతికర్రలు. కాన్సాస్‌వారి ఉపాయములలో సరళమైన యొకటి మూడడుగులది: కొంచెము చదువుము, ఏమి చెప్పినదని నిన్ను నీవు అడుగుము, నీ మాటలలో చెప్పుము. పల్లెకు మరి యే పరికరమును అక్కరలేదు.

ఇది మా సీమలో ఎట్లుండునో చెప్పుదుము. 2006 ఫిబ్రవరి 2న దేశమున గ్రామీణ ఉపాధి హామీ పథకమును నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది ఈ జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లెలో. కరవుసీమ కూలివాని చేతికి జాబ్ కార్డు వచ్చెను. అందు పనిచేసిన దినములు, వచ్చిన కూలి ఎక్కించుదురు. అది చదువలేనివాడు ఎదుటివాడు చెప్పినది నమ్మవలసినదే. వానికి మూడు వాచకములు ముగియువరకు ఆగుమనుట ఏమి న్యాయము? గురువు కార్డును చేత పట్టి పైకి ఇట్లు ఆలోచించును: ‘ముందు నా పేరెక్కడ? నా పేరు మొదటి అక్షరము ఇది. తరువాత తేదీ గడి. పిదప దినముల అంకె. నేను గుర్తుంచుకొన్న దినములతో సరిపోయినదా? కడపట రూకలు.’ అయిదడుగులు, అయిదు వ్రేళ్ళు. పేరు బొటనవ్రేలు, ఇన్నాళ్ళు ముద్ర వేసినది అదే. నాలుగు దినములు నోట చెప్పించి, చేతికి కార్డిచ్చిన యెడల, నిమిషమునకు 30 మాటలు చదువలేనివాడును తన కూలి తాను సరిచూచుకొనును. అదే ఉపాయము చౌకడిపో కాగితమునకు, బ్యాంకు పుస్తకమునకు, మందుచీటికి కొద్ది మార్పుతో పనికివచ్చును.

పెద్దవారికి నేర్పునపుడు వారి దాచుకొను విద్యను కూడ ఎరిగియుండవలెను. కాగితము ముందు పెట్టగానే, కండ్లద్దాలు ఇంట మరచితిననువాడు, చేయి నొచ్చుచున్నదనువాడు, మనుమని తెచ్చి చదివింతుననువాడు. వీరందరిని అబద్ధీకులనరాదు. చిన్ననాడు తిన్న దెబ్బ ఇంకను కాపాడుకొనుచున్నారు. వారికి ‘అల, వల, తల’ అని పసిపిల్లల పాఠము పెట్టినచో మరునాడు రారు.

వారి బలము వారికి కలదు. కదిరి ప్రాంతపు కటారుపల్లెలో వేమన సమాధి యున్నది. ఆ చుట్టుపట్ల అక్షరము రాని రైతులును ఆటవెలదులు అలవోకగ చెప్పుదురు. ధర్మవరము దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవారు రామాయణమును రాత్రులకు రాత్రులు నోటనే నడిపింపగల వంశములవారు. ధర్మవరపు మగ్గము మీది నేతగాడు పట్టుచీర అంచున బుటా తప్పకుండ పోగులు లెక్కించును. క్రమము, ఆవృత్తి, గుర్తు, అన్నియు వారి చేతిలో నున్నవే. అడుగులను పాటగ కట్టి చెప్పినచో పోగొట్టుకొనరు. ఆ మాటకు వచ్చిన రేడియోయును ఈ పనికి తగిన సాధనమే. 1956లో పూనా కేంద్రము సుమారు 150 గ్రామములలో రైతులను గుంపులుగ కూర్చుండబెట్టి, వినిపించి, చర్చింపజేసెను. విని, తమలో తాము అడిగి, సొంతమాటలలో చెప్పుట. కాన్సాస్‌వారి మూడడుగులు కాగితము లేకయే అందు జరిగినవి.

వైకల్యము గలవారిని గూర్చి ఈ సీమలో పని జరుగలేదనరాదు. 1969లో అనంతపురము వచ్చిన విసెంతె ఫెర్రర్ స్థాపించిన సంస్థ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, ఆయన 2009లో కన్నుమూయునాటికే చూపు లేని, వినికిడి లేని, మేధోవైకల్యము గల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపెను. కంటికి కనబడు వైకల్యమునకు ఆదరణ దొరకెను. చదువునందలి చిక్కు కంటికి కనబడునది కాదు. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను పేర్కొనెను. అందు ఇది లేదు. 2016 డిసెంబరులో ఆమోదము పొంది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన చట్టము వాని సంఖ్యను 21 చేసి, ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యము’ను చేర్చెను. మంచిదే. కాని దాని ఫలము ఎక్కువగ చేరుచున్నది పట్టణపు బడిపిల్లలకు. పరీక్షలో అదనపు సమయమునకు, వ్రాయుటకు తోడుమనిషికి. తల్లిదండ్రులు వైద్యుని దగ్గరకు తీసికొనిపోయి పత్రము తెత్తురు. శెనక్కాయ చేనిలో ఏబదియేండ్లు నిండిన వానిని ఎవరు తీసికొనిపోవుదురు? 2011 జనగణనలో అవిభక్త అనంతపురము జిల్లా అక్షరాస్యత నూటికి 64 ప్రాంతమున నుండెను. మిగిలిన 36 మందిలో బడి చూడనివారెందరు, బడి చూచియు ఓడినవారెందరు అని ఆ లెక్క విడదీయదు. 2022 తరువాత వచ్చిన ‘ఉల్లాస్’ కార్యక్రమము పదునైదేండ్లు దాటిన వారికి మరల చదువు చెప్పబూనినది. స్వచ్ఛంద బోధకులే దానికి ఆధారము. ఆ బోధకులకు ఒక్క పూటైనను ఈ సంగతి చెప్పుట అవసరమని మా మనవి.

లాంతరు పట్టిన కాపరిని మేము మరల చూచినది 2007 వేసవిలో, ఒక చెరువు పూడిక పనిచోట. మమ్ము గుర్తుపట్టి నవ్వెను. కార్డులో పదకొండు దినములు ఎక్కియుండెను. “పద్నాలుగు సామీ” యని చేతికర్ర చూపెను. కర్రపై గాట్లు. పనికి వచ్చిన దినమున కొకటి, గొర్రె చెవికి పెట్టు గాటువలె. ఎవరును నేర్పని ఉపాయము! లెక్క సరిచేయించుటకు రెండు వారములు పట్టెను. ఆ సాయంకాలము చెరువుకట్ట మీద ఎండిన ఇసుకను అరచేత చదును చేసి, వాని పేరు మొదటి అక్షరము పెద్దదిగ వ్రాసి, పలుకుచు దిద్దుమంటిమి. వ్రేలు పెట్టి, పలికి, దిద్దెను. చెరిపి తానే వ్రాసెను. ఒత్తు తలక్రిందులైనది. మరల దిద్దెను. చీకటి పడుచుండెను, మాకు బస్సు వేళ దాటిపోవుచుండెను.

“ఇంగొకటి రాయి సామీ” అనెను.